ఇంజనును కట్టిపెట్టునప్పుడు

తెనాలి చుట్టుపట్ల వరికోతలు ముగిసి, ఆ మాగాణిలోనే మొక్కజొన్న విత్తిన తరువాత, కాలువ గట్ల మీద ఏటేట కనబడు దృశ్యము ఒకటి కలదు. ఏడెనిమిది నెలలుగా కొట్టములో ఒక మూల పడియున్న ఇంజనును రైతు బండిమీద తెచ్చి గట్టున దింపును. గొట్టములు బిగించును. పంపులో నీరు పోయును. త్రాడు పట్టి లాగును. ఇంజను పలుకదు. మరల లాగును. పది పర్యాయములు, ఇరువది పర్యాయములు లాగును. భుజము నొచ్చును గాని ఇంజను దగ్గనైనను దగ్గదు. "నిరుడు చక్కగా ఆడినదే, దీనికేమి వచ్చినది?" అని అతడు ఆశ్చర్యపడును.

ఇందు ఆశ్చర్యపడవలసినది లేదు. నిరుడు ఆడినన్నాళ్లును అది చక్కగనే ఉండెను. దానికి రోగము వచ్చినది పనిచేయునప్పుడు కాదు, పని లేక పడియున్నప్పుడు. ఆ వారములోనే ఊరిలోని మరి పదిమంది ఇంజన్లకును అదే రోగము బయటపడుట చేత, మెకానిక్కు దుకాణము ముందు ఇంజన్లు వరుస తీరియుండును. మన వంతు వచ్చుసరికి నాలుగు దినములు పట్టవచ్చును, వారము పట్టవచ్చును. తడికొరకు ఎదురుచూచు పైరు మాత్రము మెకానిక్కు తీరికకొరకు ఆగదు.

మా చిన్ననాట ఈ బాధ లేదు. గూడతో నీరు తోడువారు పని ముగిసిన తరువాత గూడను కడిగి, త్రాళ్లు చుట్టి, వసారా దూలమునకు తగిలించెడివారు. ఏతమునకైతే అదియును అక్కరలేదు. గూడలో మిగిలిపోవునది ఏమియు లేదు. ఇంజనులో అట్లు కాదు. దాని కడుపులో మనము పోసిన పెట్రోలు, కాలిన నూనె, తోడిన నీరు, పీల్చిన దుమ్ము ఇవన్నియు మిగిలిపోవును. వాటిని లోపలనే ఉంచి తలుపు వేసి వచ్చినచో, అవి మనము లేనప్పుడు తమ పని తాము చేసికొనుచుండును.

చలిదేశములవారు ఈ సంగతిని ఎరిగి దానినొక ఆచారముగ చేసికొన్నారు. అమెరికాలోను, కెనడాలోను గృహస్థులు పచ్చికను కోయు యంత్రములను, చెట్లను కోయు రంపములను మంచు పడుటకు ముందే శుభ్రపరచి, ఇంధనము సంగతి చూచి, వసంతకాలము వరకు లోపల పెట్టుదురు. మనకు మంచు పడదు గనుక ఆ బాధ మనది కాదని తలచుట పొరపాటు. వారి యంత్రములు చలిలో నిద్రించును. మన యంత్రములు చైత్రమాసములో కాలువలు కట్టివేసినప్పటినుండి మార్గశిరము వరకు రోహిణీ కార్తె ఎండను, నైరృతి వానలను, అక్టోబరు నవంబరు మాసముల తుపానులను, అన్నిటికి మించి ఉప్పుగాలిని భరించుచు నిద్రించును. ఏది కఠినమో పాఠకులే ఊహించుకొనవచ్చును.

ముందుగా పెట్రోలు సంగతి చెప్పెదము. పెట్రోలు ఒకే పదార్థము కాదు. తేలికగ ఆవిరియగునవి, బరువైనవి అనేక ద్రవములు అందులో కలిసియుండును. ఇంజను ఆడకుండ ఉన్నప్పుడు తేలిక భాగము ఎగిరిపోవును. త్రాడు లాగగనే అంటుకొనునది ఆ భాగమే. మిగిలిన బరువు భాగము గాలితో కలిసి క్రమముగ చిక్కబడి, జిగురై, తుదకు పసుపుపచ్చని లక్కవలె పట్టుకొనును. కార్బ్యురేటరు లోపల పెట్రోలు వెడలు రంధ్రమును మెకానిక్కులు జెట్టు అందురు. చిన్న ఇంజన్లలో అది ఒక మిల్లీమీటరు వెడల్పు కూడ ఉండదు. ఆ సందులో గోటిపొరయంత జిగురు చేరినను ఇంజను ఊపిరి ఆగిపోవును. రైతు ఇరువది పర్యాయములు త్రాడు లాగినను ఒక్క బొట్టు పెట్రోలైనను లోపలికి చేరకుండుటకు సాధారణముగ ఇదియే కారణము.

మేము కూడ ఈ తప్పు చేసినవారమే. మా ఇంట మందు చల్లు చిన్న యంత్రమొకటి ఉండెడిది. మినుము చేనికి ఆఖరి మందు చల్లినప్పుడు ట్యాంకులో అరలీటరు పెట్రోలు మిగిలినది. పారబోయుటకు మనసొప్పక, వచ్చే పంటకు పనికివచ్చునని అట్లే ఉంచితిమి. తరువాతి భాద్రపదములో మూత తీయగా వచ్చినది పెట్రోలు వాసన కాదు, పాత వార్నీషు డబ్బా వాసన. కార్బ్యురేటరును విప్పిన మెకానిక్కు లోపలి పచ్చని పొరను గోటితో గీకి చూపి నవ్వెను. అతనికి ఇచ్చిన సొమ్ముతో పెట్రోలు ఎన్ని అరలీటర్లు వచ్చియుండెడివో లెక్కించుటకు మాకు ధైర్యము చాలలేదు.

ఇటీవలి సంవత్సరములలో దీనికి మరియొక చిక్కు తోడైనది. మన దేశమున అమ్ము పెట్రోలులో చెరకునుండి, ధాన్యమునుండి తీసిన ఇథనాలు అను సారాను కలుపుచున్నారు. 2022 జూన్ నాటికి ఆ పాలు నూటికి పది వంతులకు చేరెను. 2025లో ఇరువది వంతులైనది. దిగుమతులు తగ్గించుటకు, పంటలకు గిరాకీ కల్పించుటకు ఇది ఉపకరించునని ప్రభుత్వము చెప్పుచున్నది. ఆ చర్చ ఇచ్చట మాకు పని లేదు. కొట్టములోని ఇంజనుకు పని ఉన్న సంగతి ఒక్కటే: ఇథనాలునకు నీటియందు ప్రీతి మెండు. పెట్రోలు నీటిని దరి చేరనీయదు. ఇథనాలు గాలిలోని చెమ్మను కూడ పిలిచి లోపల కలుపుకొనును. నూటికి పది వంతులు ఇథనాలు గల లీటరు పెట్రోలు సుమారు ఒక చెంచాడు నీటిని మాత్రమే తనలో ఇముడ్చుకొనగలదు. ఇరువది వంతుల మిశ్రమము మరికొంత భరించును. ఆ హద్దు దాటినచో నీరును ఇథనాలును ఏకమై పెట్రోలును విడిచి ట్యాంకు అడుగునకు దిగును. ఇంజను పెట్రోలును పీల్చుకొనునది ట్యాంకు అడుగునుండియే కదా! ఆ నీళ్ల సారా అల్యూమినియమును తినును, ఇనుమును తుప్పు పట్టించును. పాత ఇంజన్లలోని రబ్బరు గొట్టములు, వాషర్లు దీనివలన ఉబ్బి మెత్తబడవచ్చును. వానకాలమున మూత వదులుగ నున్న ట్యాంకులో పెట్రోలును నెలల తరబడి ఉంచుట ఎంత ప్రమాదమో ఇందువలన తెలియును.

కావున ఇంజనును కట్టిపెట్టు పని కొట్టములో కాదు, చేనిలోనే ప్రారంభము కావలెను. ఆఖరి తడి పెట్టు దినముననే సగము పని జరిగిపోవలెను. ఏలయనగా ఆనాడు ఇంజను వేడిగ నుండును, పంపులో నీరుండును. ఈ రెండును మరల ఒక్కచోట దొరకవు.

తడి పూర్తికావచ్చినదని తోచగనే పెట్రోలు కుళాయిని కట్టివేసి, ఇంజనును తనంతట తాను ఆగిపోవువరకు ఆడనీయవలెను. కార్బ్యురేటరులోనున్న పెట్రోలు అంతయు ఆ కొలది నిమిషములలో కాలిపోవును. ఈ పనిని ఇంటికి తెచ్చిన తరువాత చేయుదమని కొందరు వాయిదా వేయుదురు. ఇంటివద్ద పంపులో నీరుండదు. నీరు లేని పంపును ఆడించినచో దాని సీలు కొలదిసేపటిలోనే వేడెక్కి మాడిపోవును. పెట్రోలు జిగురునుండి కార్బ్యురేటరును కాపాడబోయి పంపును పోగొట్టుకొనుట తెలివి కాదు. అంతకంటె ఘోరమైన ప్రమాదము మరియొకటి కలదు. తలుపులు మూసిన కొట్టములో ఇంజనును ఆడించుటవలన రంగు, వాసన లేని విషవాయువు నిండును. దానిని పీల్చినవారికి నిద్ర వచ్చినట్లుండును, మరల లేవరు. తుపాను రాత్రులలో కరెంటు పోయినప్పుడు జెనరేటరును వసారాలోనికి ఈడ్చుకొని వచ్చువారికిని ఇదే హెచ్చరిక.

ఇంజను ఆగిన తరువాత ట్యాంకులోని పెట్రోలును డబ్బాలోనికి వంపవలెను. కార్బ్యురేటరు అడుగున గిన్నెవంటి భాగమునకు చిన్న బోల్టు ఉండును. దానిని వదులు చేసినచో మిగిలిన బొట్లు కూడ జారిపోవును. దగ్గర చుట్ట, బీడీ ఉండరాదని వేరుగ చెప్పనక్కరలేదు, అయినను చెప్పుచున్నాము.

తరువాత నూనె. ఇంజను గోరువెచ్చగ నుండగనే పాత నూనెను దింపి క్రొత్త నూనె పోయవలెను. "ఇప్పుడు ఆడించబోము గదా, క్రొత్త నూనె ఎందుకు? వచ్చే పంటకు పోయుదము" అని పొదుపరులు అందురు. మేమును ఒకప్పుడు అట్లే అన్నాము. కాని పెట్రోలు మండినప్పుడు పుట్టు నీటియావిరి, పులుసు పదార్థములు పాత నూనెలో చేరియుండును. ఆ నల్లని నూనెలో ఇంజను లోపలి భాగములు ఎనిమిది నెలలు నానుటకంటె, క్రొత్త నూనెలో నానుట మేలు. ఖర్చు ఎప్పుడైనను ఒకటే. ముందు పెట్టినచో ఫలమెక్కువ.

పిదప ప్లగ్గును విప్పి, ఆ రంధ్రమునుండి ఒక చెంచాడు మంచి ఇంజను నూనెను లోపలికి పోయవలెను. స్విచ్చి ఆపియుండవలెను. త్రాడును మెల్లగ మూడు నాలుగు పర్యాయములు లాగినచో ఆ నూనె సిలిండరు గోడలంతట పొరవలె పరచుకొనును. ప్లగ్గును తిరిగి బిగించి, త్రాడును ఇంకను మెల్లగ లాగుచు పోగా ఒకచోట చేతికి బిగువు తగులును. అచ్చట ఆపివేయవలెను. నాలుగు దెబ్బల ఇంజనులో ఆ స్థితియందు లోపలికి గాలి వచ్చు ద్వారము, పొగ పోవు ద్వారము రెండును మూసికొనియుండును. ఇంటి తలుపులు రెండును గడియ వేసినట్లు! బయటి చెమ్మ సిలిండరులోనికి పోదు. దీనికి పైసా ఖర్చు లేదు, అయినను దీనిని చేయువారు మిక్కిలి అరుదు.

బాపట్లవైపు రైతులు ఇచ్చట ఒక జాగ్రత్త పడవలెను. అక్కడిది ఇసుక నేల. ప్లగ్గు చుట్టునున్న గుంటలో ఇసుక రేణువులు పేరుకొనియుండును. ముందుగా ఊది, గుడ్డతో తుడిచి, ఆ తరువాతనే ప్లగ్గును విప్పవలెను. లేనిచో ఆ ఇసుక సిలిండరులో పడి, త్రాడు లాగిన ప్రతిసారి గోడలను గీరును. గాలి వడపోత సంగతియు అంతే. స్పాంజి వడపోత ఐనచో సబ్బునీటిలో పిండి, నీడన ఆరవేసి, కొంచెము నూనె అద్ది పెట్టవలెను. కాగితపు వడపోతను మాత్రము నీటిలో ముంచరాదు; దులిపి పెట్టవలెను, చిరిగినచో మార్చవలెను.

బాపట్ల ఇసుక భూములలో మరియొక విశేషమున్నది. అచ్చట వేరుశనగకు, కూరగాయలకు దొరువులనుండి నీరు తోడుదురు. సముద్రతీరపు ఇసుకలో ఉప్పునీటిపై మంచినీరు పలుచని పొరగ తేలియుండును; దొరువు ఆ పొరను అందుకొనును. అధికముగ తోడినచో క్రింది ఉప్పునీరు పైకి వచ్చును. అందుచేతనే బాపట్లలోని వ్యవసాయ పరిశోధకులు ఇసుకలో అడ్డముగ చిల్లుల గొట్టములు పరచి, ఆ పైపొర నీటిని ఒక బావిలోనికి చేర్చుకొను మెరుగైన దొరువు పద్ధతిని ప్రచారము చేసిరి. 1945లో వ్యవసాయ కళాశాల వెలసిన ఊరిలో ఇట్టి పరిశోధన జరుగుట సహజమే. మన ప్రస్తుత విషయమునకు వచ్చినచో, వేసవినాటికి దొరువు నీరు కొంత ఉప్పగిల్లియుండును. పంపు గుల్ల అల్యూమినియముది, లోపలి చక్రము పోత ఇనుముది ఐనప్పుడు, రెంటి నడుమ ఉప్పునీరు నిలిచినచో లోహము త్వరగ తినబడును. కావున ఆఖరున రెండు బిందెల మంచినీటిని పంపులో పోసి కడిగి, పంపు అడుగున నున్న మరను విప్పి చుక్క నీరు మిగలకుండ వంపవలెను. ఆ మరను తిరిగి పెట్టి ఒక చుట్టు మాత్రమే త్రిప్పినను చాలును, కాని జేబులో వేసికొనరాదు. జేబులో వేసికొన్న మరలు డిసెంబరులో దొరకిన దాఖలా మాకు తెలియదు.

మందు చల్లు యంత్రములు, గడ్డి కోయు యంత్రములు చాలవరకు రెండు దెబ్బల ఇంజన్లు. వీటికి వేరుగ నూనె గది లేదు; పెట్రోలులోనే నూనె కలుపుదురు. లీటరుకు ఇరువది మిల్లీలీటర్లు కలుపునవి, నలువది కలుపునవి ఉన్నవి. యంత్రముతో ఇచ్చిన పుస్తకము ఏమి చెప్పినదో అదియే ప్రమాణము. వీటి ట్యాంకును కూడ ఖాళీ చేసి, ఆగిపోవువరకు ఆడించి, ప్లగ్గు రంధ్రమునుండి నూనె పోయుట ఒకటే విధానము. ఐతే మందు ట్యాంకును మూడు పర్యాయములు కడుగుట ఇక్కడ అదనపు పని. ఆ కడిగిన నీటిని ఎచ్చట పోయుదురు? మందు చల్లిన చేనిలోనే, గట్టుకు దూరముగ పోయవలెను. కాలువలో ఎంతమాత్రము కడుగరాదు. మన పశ్చిమ డెల్టాలో కాలువలు కట్టివేయుటకు ముందు ఊరూర మంచినీటి చెరువులు నింపుకొందురు. కట్టిపెట్టు కాలమును, చెరువులు నింపు కాలమును ఒక్కటే. ఇంజనునుండి దింపిన నల్లనూనె విషయము కూడ ఇట్టిదే. దానిని డబ్బాలో పట్టి మెకానిక్కు దుకాణమున ఇచ్చినచో తీసికొందురు.

వంపిన పెట్రోలు ఇంకను తాజాగ ఉన్నచో, నూనె కలియనిదైనచో, ఆనాడే మోటారు సైకిలులో పోసి వాడివేయుట ఉత్తమము. వచ్చే పంటకొరకు దాచుట వ్యర్థము. కొందరు దానిని మంచినీళ్ల సీసాలలోను, కూల్‌డ్రింకు సీసాలలోను పోసి గూటిలో పెట్టుదురు. దాహముతో వచ్చిన పిల్లవాడు ఆ సీసానే ఎత్తుట ఎన్నో ఇండ్ల జరుగుచున్నది. అట్లు జరిగినప్పుడు గొంతులో వేలు పెట్టి కక్కించుట మరింత ప్రమాదము. పైకి వచ్చు పెట్రోలు ఊపిరితిత్తులలోనికి పోవును. ఏమియు త్రాగించక తక్షణమే ఆసుపత్రికి తీసికొనిపోవలెను. ఈ నాలుగు మాటలు ఇంజనునకు సంబంధించినవి కావని అనిపించవచ్చును, కాని మిగిలిన అరలీటరు పెట్రోలు ఇంటిలోనికి ప్రవేశించు మార్గము ఇదియే.

ఇక డీసెలు ఇంజన్లు. పెద్ద చక్రముతో, హాండిలు త్రిప్పి ఆడించు అయిదు, ఎనిమిది అశ్వశక్తుల పాత ఇంజన్లు మన గ్రామములలో ఇంకను కలవు. రొయ్యల చెరువుల గట్లపై జెనరేటర్లుగను డీసెలు ఇంజన్లే పనిచేయుచున్నవి. వీటికి ఇంధనము విషయములో విధానము తలక్రిందులు. పెట్రోలు ట్యాంకును ఖాళీ చేయవలెనంటిమి. డీసెలు ట్యాంకును అంచువరకు నింపవలెనందుము. ఇది విని ఒక మిత్రుడు "నిన్న ఒకటి చెప్పి నేడొకటి చెప్పుచున్నారు" అని ఆక్షేపించెను. కారణము సులభము. డీసెలు అంత త్వరగ ఆవిరి కాదు, జిగురు పట్టదు. దాని శత్రువు ట్యాంకులోని ఖాళీ జాగా. పగటి వేడికి ఆ జాగాలోని గాలి వ్యాకోచించి బయటికి పోవును, రాత్రి చల్లబడి బయటి తడిగాలిని లోపలికి పీల్చుకొనును. ట్యాంకు గోడలకు ఆ చెమ్మ చెమటవలె పట్టి, జారి, డీసెలు క్రింద నీరై నిలుచును. ఆ నీటికిని డీసెలునకును నడుమ సూక్ష్మజీవులు చేరి నల్లని జిగట పెరుగును. నింపిన ట్యాంకులో గాలికి చోటు లేదు గనుక నీటికిని చోటు లేదు. డిసెంబరులో ఆడించుటకు ముందు వడపోత గిన్నె అడుగు మరను విప్పి నీరున్నదేమో చూచుట మాత్రము మరువరాదు; ఇంధనపు పంపులో నీరు చేరినచో దాని నునుపైన భాగములు తుప్పు పట్టి, బాగుచేయుటకు ఖర్చు మెండగును.

నీటితో చల్లబడు ఇంజన్లలో సిలిండరు చుట్టునున్న గదిలోని నీటిని దింపివేయవలెను. మనకు అది గడ్డకట్టి ఇనుమును పగులగొట్టు భయము లేదు గాని, కాలువ నీటి ఒండ్రు అడుగున గట్టిపడి దారులు మూయును. పొగ గొట్టము ఆకాశమువైపు చూచుచున్న ఇంజనును చెట్టుక్రింద వదలివేయుట మేము చూచిన తప్పులన్నిటిలో పెద్దది. వాన నేరుగ గొట్టములోనుండి సిలిండరు దాక దిగును. ఒక డబ్బాను బోర్లించినను చాలును.

ఎచ్చట ఉంచవలెననునది తరువాతి ప్రశ్న. రైతు కొట్టములో సాధారణముగ యూరియా బస్తాలు ఒక ప్రక్క, ఇంజను ఒక ప్రక్క ఉండును. ఎరువు చెమ్మను పీల్చి కారి, ఇత్తడిని, రాగిని, ఇనుమును తినును. చెరువుల గట్లపై బ్లీచింగు పొడి డబ్బాల ప్రక్కన జెనరేటరును ఉంచుట అంతకంటె చెడ్డది. ఇంజనుకు వేరు మూల కావలెను. నేలమీద గాక రెండు తాటి దిమ్మల మీద ఎత్తి పెట్టవలెను. ప్లాస్టిక్కు పట్టాతో బిగించి చుట్టుట మంచిదని అనేకులు తలచుదురు. అది వానను ఆపును గాని లోపలి చెమ్మను కూడ పోనీయదు. ఉక్కపోతలో ఇంజనుకు గొంగళి కప్పినట్లగును. పాత నూలు దుప్పటి మేలు. బయటి ఇనుప భాగములకు గ్రీజు గాని ఇంజను నూనె గాని పలుచగ పూయవలెను. వంటనూనె పనికిరాదు, అది నెలలు గడచినకొలది జిడ్డుకట్టి దుమ్మును పట్టుకొనును. సైలెన్సరు మూతిని, గాలి దారిని గుడ్డతో మూయవలెను, లేనిచో ఎలుకలు వరిగడ్డితో అందు కాపురము పెట్టును. బెల్టులను విప్పి నీడన వ్రేలాడదీయవలెను. సెల్ఫు స్టార్టు గల యంత్రములలో బ్యాటరీ తీగలను విడదీసి, నెలకొకసారి ఛార్జి చేయించవలెను.

రేపల్లె ప్రాంతమువారికి ఇంతమాత్రము చాలదు. వారి ఇంజను ఎంత ఎత్తున ఉన్నదనునదియే ముఖ్యము. 2024 సెప్టెంబరు 2వ తేదీన ప్రకాశం బ్యారేజి వద్ద 11 లక్షల 43 వేల క్యూసెక్కుల ప్రవాహము నమోదైనది. కొల్లూరు, భట్టిప్రోలు మండలముల లంక గ్రామములు నీట మునిగెను. కొట్టములలో కట్టిపెట్టిన ఇంజన్లు అవి ఉన్నచోటనే మునిగియుండెను. మరునటి సంవత్సరపు పంటకని శ్రద్ధగ నూనె పోసి, గుడ్డ కప్పి పెట్టినవి కూడ వాటిలో ఉండకపోలేదు. అంతకు ముందటి డిసెంబరు 5వ తేదీన, 2023లో, మిచాంగ్ తుపాను బాపట్ల సమీపముననే తీరము దాటెను. చేతితో ఎత్తదగిన పెట్రోలు ఇంజన్లను అటకమీదనో, మిద్దెమీది గదిలోనో ఉంచుట లంకలవారికి ఆచారము కావలెను. పెట్రోలు వంపియుండుట చేత ఇంటిలోపల ఉంచుటకు భయము తక్కువ. ఐనను పొయ్యి ఉన్న గదిలో వద్దు.

మునిగిన ఇంజను చేతికి వచ్చినప్పుడు మనుష్యుడు చేయు మొదటి పని త్రాడు లాగి చూచుట. అదియే చేయకూడనిది. సిలిండరులో నీరున్నది. గాలి నొక్కినచో నొక్కుడుపడును; నీరు నొక్కుడుపడదు. బలముగ లాగినచో లోపలి కడ్డీ వంగును. ఒండ్రు అంటియున్న భాగములు ఒరసికొని గీతలు పడును. ముందు పైపైన మంచినీటితో కడిగి, ప్లగ్గును విప్పి, ఇంజనును వంచి నీటిని కార్చవలెను. పెట్రోలును, నూనెను పూర్తిగ దింపవలెను. ప్లగ్గు లేకుండగనే మెల్లగ త్రాడు లాగినచో మిగిలిన నీరు చిమ్మును. సిలిండరులోనికి ధారాళముగ నూనె పోసి, ఆ దినముననే మెకానిక్కుకు అప్పగించవలెను. నీటిలో నున్నంతసేపు కంటె, నీటినుండి పైకి తీసి గాలి తగిలిన తరువాతనే తుప్పు వేగముగ పట్టును. ఒకవేళ వెంటనే మెకానిక్కు దొరకనిచో, నూనె నింపి ఉంచుట కొంత రక్ష. మంచినీటి వరదలో మునిగినదానికంటె ఉప్పెన నీటిలో మునిగినదానికి ఆశ తక్కువ; దానిని విప్పి కడుగక తప్పదు.

తీరమునకు పోయినచో నిజాంపట్నము, సూర్యలంకలలోని పడవల ఇంజన్లకు కూడ ఒక విశ్రాంతి కాలము కలదు. తూర్పు తీరమున చేపలు గ్రుడ్లు పెట్టు కాలమని ఏప్రిల్ 15 మొదలు జూన్ 14 వరకు 61 దినములు మరపడవల వేటను ఏటేట నిషేధించుచున్నారు. మా రైతుల ఇంజన్లు ఎనిమిది నెలలు పడుకొనగా వారివి రెండు నెలలే. కాని ఉప్పునీటి సాంగత్యము వారిది. ఒడ్డుకు లాగిన దినముననే మంచినీటితో లోపల వెలుపల కడిగి నూనె రాచువారిని అచ్చట చూచితిమి. మెట్టరైతు వారివద్ద నేర్చుకొనదగినది ఆ ఆలస్యము లేనితనము.

కట్టిపెట్టిన ఇంజనుకు ఒక అట్టముక్క వ్రేలాడదీయుట మాకు అలవాటు. ఏ తేదీన పెట్రోలు వంపినది, నూనె మార్చినది లేనిది, ఏ మర సగము బిగించినది అందు వ్రాయుదుము. ఎనిమిది నెలల తరువాత మన జ్ఞాపకమును నమ్ముట కష్టము. డీసెలు ఇంజనును నెలకొకసారి, డీకంప్రెషను పిడిని ఎత్తి, చేతితో నాలుగు చుట్లు త్రిప్పి, ఆ తేదీని కూడ అట్టమీద వేయుదుము.

విప్పు దినము వచ్చినప్పుడు పైరుకు తడి కావలసిన రోజుననే గాక, ఒక వారము ముందు విప్పవలెను. మూతులలోని గుడ్డలు తీయవలెను. ఇది మరచి త్రాడు లాగి చెమటోడ్చినవారు కలరు. సగము బిగించిన మరలను పూర్తిగ బిగించవలెను. నూనె మట్టము చూడవలెను. ప్లగ్గును విప్పి తుడిచి, అది లేకుండ రెండు మూడు పర్యాయములు త్రాడు లాగి సిలిండరులోని నూనెను బయటికి పంపవలెను. క్రొత్త పెట్రోలు పోసి, కుళాయి త్రిప్పి, కారుట లేదని నిశ్చయించుకొని, పంపునిండ నీరు పోసి, అప్పుడు లాగవలెను. మొదటి రెండు నిమిషములు తెల్లని పొగ వచ్చును. అది మనము చైత్రములో పోసిన చెంచాడు నూనె కాలుచున్న పొగ. డెలివరీ గొట్టమునుండి ముందు గాలి, పిదప మట్టినీరు, ఆ తరువాత తేటనీరు వచ్చును.